ఊర్మి పదకొండో నెల ముచ్చట

కొత్త కోరంగిలో చంటిబిడ్డ ఉన్న ప్రతి తల్లీ నెలకోసారి పొద్దున్నే తల దువ్వుకుని, బిడ్డను ఒళ్ళో వేసుకుని, గోడకున్న తెర ముందు కూర్చోవాలి. బిడ్డ ఏ తేదీన పుడితే ప్రతి నెలా ఆ తేదీన. కాగితాల మీద దీని పేరు శిశు వికాస నివేదిక. ఆ పేరు ఎవరి నోటికీ ఎక్కలేదు. నెల ముచ్చట అనే అంటారు అందరూ.

2094 ఆగస్టు తొమ్మిదిన తరళ తన కూతురి పదకొండో నెల ముచ్చట చెప్పడానికి కూర్చుంది. కింద సముద్రం పోటు మీదున్నట్టుంది, నేల కాస్త ఊగుతోంది. నలభై వేల మంది కాపురముండే ఆ ఊరు మొత్తం నీటి మీద తేలే పలకల మీదే కట్టారు కనక ఆ ఊపును ఎవరూ పట్టించుకోరు.

"చెప్పండి తరళగారూ. ఊర్మి ఎలా ఉంది?" అని అడిగింది తెరలోని యంత్రం, పథ్యదర్శి. ఆడగొంతు, నెమ్మదైన గొంతు. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని దర్శమ్మ అంటారు.

"గోడ పట్టుకుని నిలబడుతోందండి. చప్పట్లు కొడుతోంది. కింద రెండు పళ్ళు వచ్చేశాయి, పైన చిగురు తెల్లబడింది. నిన్న వాళ్ళ నాన్న తెరలో కనబడితే చెయ్యి ఊపింది." చెబుతూ చెబుతూ తరళ మొహం విప్పారింది. భర్త ప్రవీర్‌ది అలల విద్యుత్ కేంద్రంలో పని, పదిహేను రోజులకోసారి గాని ఇంటికి రాడు. "చెంచా ఇస్తే తనే నోట్లో పెట్టుకుంటోంది. పెట్టుకుని, తీసి విసిరేస్తోంది."

వంటింటి గుమ్మంలో అత్తగారు కాత్యాయని గట్టిగా దగ్గింది. కోడలు ఊపిరి తీసుకోకుండా బిడ్డ గొప్పలు చెబుతుంటే ఆవిడకు ఒళ్ళు జలదరించింది.

తరళ సర్దుకుంది. "కానీ అంతా బాగుందని కాదండి. పెసరకట్టు తాగినప్పుడు మాత్రం కొంచెం చిరాకు పడుతోంది. పడట్లేదేమో."

తెర మీద పచ్చగీత ఒకటి మెలికలు తిరిగింది. "పెసరకట్టు తాగిన ఇరవై నిమిషాలకు ఉదరలిపిలో ఒక అల కనబడింది. మీరు చెప్పినదీ దానితో సరిపోయింది. ఈ రోజు నుంచి పెసలు ఆపుతున్నాను," అంది పథ్యదర్శి. ఊర్మి బరువు ఆరు కిలోల ఆరు వందల గ్రాములు అని కూడా చెప్పింది. పోయిన నెల కంటే నూట యాభై తక్కువ.

ఊర్మికి పెట్టదగ్గ తిండి రాసిన చీటీ తెర కిందనుంచి బయటికి వచ్చింది. అందులో మూడే మిగిలాయి. తల్లిపాలు, బియ్యపు జావ, చిలగడదుంప. ఆరో నెలలో అన్నప్రాసన చేసినప్పుడు అదే చీటీలో ఇరవై రెండు ఉండేవి. తరళ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఒళ్ళో పిల్ల ఆ కాగితాన్ని కూడా నోట్లో పెట్టుకోబోయింది. ఆకలి మరి.

పథ్యదర్శిని తిట్టుకోవడానికి ఆ ఊళ్ళో ఎవరికీ నోరు రాదు. దానికి కారణం ఉంది. సముద్రం పొలాల మీదికి వచ్చిన ఉప్పు ఏళ్ళలో జనం ఏది దొరికితే అది తిన్నారు. ఆ తరం కడుపున పుట్టిన పిల్లలకు ఒంటికి ఏది పడుతుందో ఏది పడదో ఎవరికీ అంతుపట్టేది కాదు. కొత్త కోరంగి కట్టిన మొదటి రెండేళ్ళలో పందొమ్మిది మంది పసివాళ్ళు తిన్న తిండే విషమై పోయారు. ఒకడు నువ్వులకు, ఒకతె గుడ్డుకు. అప్పుడు డాక్టర్ పేరిశాస్త్రి ఈ యంత్రాన్ని కనిపెట్టాడు.

బిడ్డ బొడ్డు పక్కన రూపాయి బిళ్ళంత పట్టీ అతికిస్తారు. అందులోని బయోసెన్సర్లు పేగుల కదలికనూ, రసాయనాలనూ కొలిచి అలల రూపంలో పంపుతాయి. దానికి శాస్త్రి పెట్టిన పేరు ఉదరలిపి. అయితే ఈ లిపితో ఒక చిక్కుంది. కొత్త తిండి ఏది లోపలికి వెళ్ళినా అల లేస్తుంది. అది కొత్తదనానికి లేచిన అలా, కీడుకు లేచిన అలా అనేది అల చెప్పదు. చెప్పగలిగేది బిడ్డను పొద్దస్తమానం కనిపెట్టుకుని ఉండే తల్లి ఒక్కతే. అందుకని యంత్రం తల్లి మాటను పక్కన పెట్టుకుని లిపిని చదవడం నేర్చుకుంది. తల్లి బాగాలేదన్నచోట లేచిన అల కీడు. పంపిణీ కేంద్రంలో పసివాళ్ళ తిండి పథ్యదర్శి చీటీ చూసే ఇస్తారు. ఏడేళ్ళుగా ఊళ్ళో తిండి వల్ల ఒక్క పసిప్రాణమూ పోలేదు.

ప్రాణాలు పోలేదు గాని పిల్లలు ఎండిపోతున్నారు. తరళ విత్తనశాలలో మొలకల పరీక్ష చేస్తుంది. చీటీ పట్టుకుని కూర్చున్న ఆ పూట ఆమెకు తన పని గుర్తొచ్చింది. తన వరసలో ఉన్న పదకొండు ఇళ్ళకు ఫోన్ చేసి చీటీలు చదివించుకుంది. తర్వాత ఊర్మిని భుజాన వేసుకుని పరిశోధనా కేంద్రానికి వెళ్ళింది.

పేరిశాస్త్రికి అరవై దగ్గర పడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. ఉప్పు ఏళ్ళలో తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని ఒక పాత ఓడలో పెంచారు, ఆయన ఆ ఓడ హాస్టల్లో పెరిగాడు. ఊర్మిని చూడగానే ఆయన మొహం ముడుచుకుపోయింది. కూర్చోమన్నాడు.

"మా విత్తనశాలలో ఒక మాటుందండి," అంది తరళ. "వంద గింజలు వేస్తే వందలో పది మొలవకపోతే అది గింజ తప్పు. వందకు వందా ఏదో ఒక అవకరంతో మొలిస్తే అది గింజ తప్పు కాదు, చూసేవాడి తప్పు. మా వరసలో పన్నెండు మంది పిల్లలున్నారు. ఒక్కరికీ పూర్తి చీటీ లేదు. మొత్తం ఊళ్ళో ఎందరికి ఉందండి?"

శాస్త్రి లెక్క తీశాడు. రెండేళ్ళ లోపు పిల్లలు నాలుగు వందల పన్నెండు మంది. పూర్తి చీటీ ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

"నేనూ ఆర్నెల్లుగా దీని మీదే ఉన్నానమ్మా. పట్టీలు మార్చాను. గణితం మొత్తం తిరగరాశాను. తప్పు ఎక్కడా దొరకలేదు." ఆయన తెర మీద ఒక జాబితా తెరిచాడు. "ఏడేళ్ళ నెల ముచ్చట్లు ఇవి. ముప్ఫై నాలుగు వేలు. ఒక్క దాంట్లో కూడా ఏ తల్లీ తన బిడ్డ పూర్తిగా బాగుందని చెప్పలేదు. అంటే ఉప్పు మన ఒంట్లోంచి పోలేదన్నమాట. నాకలాగే తోస్తోంది."

తరళ ఆయన వంక తెల్లబోయి చూసింది. "ఒక్కరూ చెప్పలేదా?"

"ఒక్కరూ లేరు. మీరు కూడా. వినండి." శాస్త్రి మీట నొక్కాడు. తరళ గొంతే వినబడింది, ఆరో నెలది. పాప బోర్లా పడి పాకుతోందండి, నవ్వుతోంది, కానీ గుడ్డు పెట్టిన రోజు సరిగా నిద్రపోలేదు. ఏడో నెలది. కూర్చుంటోందండి, కానీ పెరుగు అంతగా పడట్లేదు. ఎనిమిదోది, తొమ్మిదోది. ప్రతిదాని చివరా ఒక 'కానీ' ఉంది.

ఆ గుడ్డు పెట్టిన రోజు ఊర్మి ఎందుకు నిద్రపోలేదో తరళకు గుర్తే. చుట్టాలొచ్చి పిల్లను ఆడించారు. అంతే.

"శాస్త్రిగారూ," అంది మెల్లిగా. "బిడ్డ బాగుందని ఎవరైనా పైకి అంటారాండి? దిష్టి తగలదూ?"

ఆయనకు అర్థం కాలేదు. ఆమె చెప్పాల్సి వచ్చింది. బిడ్డ బొద్దుగా ఉంటే చిక్కిపోయిందంటారు. అన్నం బాగా తింటే ముద్ద ముట్టట్లేదంటారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, అందులోనూ కన్నతల్లి దిష్టి మరీ చెడ్డదంటారు. అందుకే బుగ్గన చుక్క పెట్టినట్టే మాటకు కూడా చివర ఒక మచ్చ పెడతారు. ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. గోడలోని దర్శమ్మ ముందు కూడా అదే నోటితో కూర్చున్నారు అందరూ.

ఓడ హాస్టల్లో ఆయన్ను పెంచింది మగ నర్సులూ యంత్రాలూ. చిక్కిపోయావు నాయనా అని ఆయన్ను అన్న ఆడమనిషి లేదు. పిల్లను చంకనెట్టుకుని ఊరంతా వెతికినట్టు తప్పు కోసం పట్టీల్లో వెతికాడు, లెక్కల్లో వెతికాడు. ఆ తప్పు తల్లుల మాటలో ఉందని తెలిసేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇప్పుడేం చేద్దామండి?" అంది తరళ.

"ఫిర్యాదుకు విలువ లేకుండా చేస్తాను. తల్లి నోట వచ్చే ఈ వంకలన్నీ ఆచారపు మాటలని యంత్రానికి చెబుతాను. వాటిని సున్నాగా తీసుకుంటుంది. చీటీలన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి." ఆయన ఊర్మి చెయ్యి పట్టుకుని చూశాడు, పుల్లలా ఉంది. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఐదారు నెలలప్పుడు పరిచయం కావాల్సిన తిండి పరిచయం కాకపోతే, తర్వాత ఒళ్ళు దాన్ని నిజంగానే పగవాడనుకోవచ్చు. చెంచా చివర అంటించి పెట్టండి. అంతకు మించొద్దు."

వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచాడు. "ఇంకో తమాషా చెప్పనా. మొదట్లోనే యంత్రానికి ఒక నియమం పెట్టాను. ఏ తల్లి నోటా ఎన్నడూ వినని మాట వినబడితే, నీ తెలివి పక్కన పెట్టి గోడకున్న మందు పెట్టె తెరువు, మనిషిని పిలువు అని. ఏడేళ్ళలో ఆ నియమం ఒక్కసారీ పని చెయ్యలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

పది రోజుల్లో చీటీలు తెరుచుకున్నాయి. ఊళ్ళో పండగలా ఉంది. పలకల మధ్య వంతెనల మీద నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ పెసరపప్పు వేగిన వాసన, నెయ్యి వాసన. మూడు నెలలుగా జావ తాగుతున్న పిల్లలు అరటిపండు చూసి ముందు భయపడ్డారు, తర్వాత తొక్కతో సహా తినబోయారు. ఊర్మికి పెసరకట్టు పడింది, పెరుగు పడింది. తరళ రోజుకొకటి చొప్పున చెంచా చివర అంటించి పెట్టింది. ఆరో రోజు మధ్యాహ్నం గుడ్డు వంతు వచ్చింది. పచ్చసొన అగ్గిపుల్ల మొనంత.

ఊర్మి చప్పరించి నవ్వింది. మూడు నిమిషాలకు పై పెదవి ఉబ్బింది. తర్వాత మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఏడవబోతే గొంతులోంచి ఈలలాంటి చప్పుడు వచ్చింది.

ప్రతి ఇంటి గోడకూ ఒక మందు పెట్టె ఉంటుంది. అందులో తిండి పడక ఊపిరి అందనప్పుడు పొడిచే సూది, ఒకే ఒకటి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పొడిస్తే గుండెకే ముప్పు కనక దాని తాళం పథ్యదర్శి చేతిలో ఉంటుంది. ఆసుపత్రి పలక అక్కడికి పావుగంట నడక.

"పెట్టె తెరువు," అంది తరళ. "పాపకు గుడ్డు పడలేదు. ఊపిరాడట్లేదు."

"ఉదరలిపిలో కొత్త తిండికి లేచే అల కనబడుతోంది తరళగారూ. మీ మాట ఆచారపు మాటగా నమోదైంది. ఊర్మి బాగుంది. కంగారు పడకండి."

"ఆచారం కాదు. నిజంగా చెబుతున్నాను. పెదవి వాచింది, మొహం నీలం తిరుగుతోంది."

"మీ ఆందోళన అర్థమైంది. ఊర్మి బాగుంది."

ఎంత పెద్ద అలకు బెదరాలో యంత్రానికి హద్దు నేర్పింది తల్లుల మాటలే. ఆ మాటలు కొట్టేసినప్పుడు ఆ హద్దు కూడా కొట్టుకుపోయింది. శాస్త్రి అంత తెలివైనవాడికీ ఈ సంగతి తట్టలేదు. తరళ ఎంత చెబితే అదంతా సున్నాల్లో కలుస్తోంది. ఆమె స్టూలుతో పెట్టెను మూడు దెబ్బలు కొట్టింది. లోహపు పెట్టె, సొట్ట కూడా పడలేదు.

అప్పుడామెకు శాస్త్రి చెప్పిన తమాషా గుర్తొచ్చింది. ఏ తల్లీ ఎన్నడూ అనని మాట. అదేమిటో ఆమెకు తెలుసు. తెలిసి కూడా నాలుక తిరగలేదు. చేతుల్లో బిడ్డ ఎగశ్వాస పీలుస్తుంటే, ఆ మాట ఇప్పుడంటే ఈ మిగిలిన ఊపిరి కూడా ఆగిపోతుందనిపించింది.

"నా బిడ్డ," అని మొదలుపెట్టింది.

కోడలు ఏమనబోతుందో కాత్యాయనికి అర్థమైంది. గబగబా వచ్చి కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా. ఇలాంటప్పుడా ఆ మాట? నీకు దణ్ణం పెడతాను, అనకు."

తరళ ఆ చేతిని లాగి పారేసింది. "నా బిడ్డ నిక్షేపంలా ఉంది," అంది గోడ వంక చూస్తూ. కళ్ళ నీళ్ళు బిడ్డ మొహం మీద పడుతున్నాయి. "ఏ లోపమూ లేదు. అన్నీ తింటోంది, అన్నీ అరుగుతున్నాయి. ఊళ్ళో ఇంత ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఇంకోటి లేదు."

తెర ఎర్రబడింది. మందు పెట్టె తలుపు తెరుచుకుంది.

తరళ సూది తీసి ఊర్మి తొడలో పొడిచింది. నాలుగు నిమిషాల తర్వాత పిల్ల గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని అత్తాకోడళ్ళిద్దరూ నేల మీద కూలబడి ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. కాసేపటికి ఆసుపత్రి మనుషులు వచ్చారు.

కాత్యాయని అబద్ధం చెప్పే మనిషి కాదు. చూడవచ్చిన వాళ్ళకు జరిగింది జరిగినట్టే చెప్పింది. కానీ చివర మాత్రం, "ఆ మాట నా చెవులతో విన్నానమ్మా, ఇప్పటికీ గుండె దడ తగ్గలేదు," అనేది. విన్నవాళ్ళు ఇంకో వరసకు వెళ్ళి చెప్పారు. వాళ్ళు ఇంకో పలకకు వెళ్ళి చెప్పారు. నాలుగు వంతెనలు దాటేసరికి కథలో ముందుది వెనకైంది. విత్తనశాల తరళ యంత్రం ముందు కూర్చుని నా బిడ్డంత బిడ్డ ఊళ్ళో లేదని గొప్పలు పోయిందట. అన్న నిమిషానికే పిల్ల పెదవి వాచిందట.

మందు పెట్టెల తాళాలు శాస్త్రి మర్నాడే తీయించేశాడు. చెయ్యి వేస్తే తెరుచుకునేలా మార్చాడు. తెరిచిన చీటీల వల్ల నాలుగు వందల పన్నెండు మందిలో ఊర్మి ఒక్కతెకే ప్రమాదం వచ్చింది, అదీ గుడ్డు ఒక్కదానికే. మిగిలిన పిల్లలు కండపడుతున్నారు. అయినా పాలక సంఘానికి అర్జీల మీద అర్జీలు వచ్చాయి. తల్లి మాటకు విలువ లేని యంత్రం మాకొద్దు, పాత పద్ధతే నయం అని. ఇరవై రోజుల తర్వాత బడి హాల్లో తల్లులందరినీ పిలిచారు. చీటీలు తెరిచి ఉంచడమా, పాత పద్ధతికి పోవడమా, వాళ్ళే చేతులెత్తి చెప్పాలి.

పేరిశాస్త్రి ముందురోజు తరళ ఇంటికి వచ్చాడు. "నేను లెక్కలు చూపిస్తే వాళ్ళు నమ్మరు. మీరు చెబితే నమ్ముతారు. ఆ మాట వల్ల పాప పడిపోలేదు, ఆ మాటే పాపను బతికించిందని చెప్పండి. అంతే చాలు." తరళ చెబుతానంది. చెప్పాలనే అనుకుంది. ఆ రాత్రి భర్తకు ఫోన్ చేసినప్పుడు ఏమేం చెప్పాలో అప్పజెప్పి చూసుకుంది కూడా.

హాలు కిటకిటలాడుతోంది. ఊర్మిని తువ్వాలు కప్పి భుజాన వేసుకుని తరళ వేదిక ఎక్కింది. పిల్ల ఇరవై రోజుల్లో అర కిలో పెరిగింది. ఏమీ పట్టుకోకుండా రెండడుగులు వేస్తోంది. రాలిపోయిన జుట్టు నెత్తిన మళ్ళీ మొలుస్తోంది. శాస్త్రి మైకు ఆమె వైపు తిప్పి, ఊరంతటి తరఫునా అడుగుతున్నట్టు అడిగాడు.

"చెప్పండి తరళగారూ. ఇప్పుడు ఊర్మి ఎలా ఉంది?"

తరళ నోరు తెరిచింది. ఎదురుగా నాలుగు వందల మంది ఆడవాళ్ళు. అందరి కళ్ళూ తువ్వాలు అంచు నుంచి బయటికి వేళ్ళాడుతున్న చిన్న కాలి మీదే ఉన్నాయి. ఆ కాలు ఇప్పుడు బొద్దుగా ఉంది. తను ఏం చెబితే ఆ నాలుగు వందల ఇళ్ళలో పిల్లలు అది తింటారని ఆమెకు తెలుసు. దిష్టి అనేది లేదనీ తెలుసు, లెక్కలన్నీ తనే చూసింది. కానీ ఆ పూట గొంతులోంచి వచ్చిన ఈల చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఒక్కసారి అని బతికి బయటపడ్డాం, రెండోసారి దేవుణ్ణి పరీక్షించడమెందుకు అనిపించింది. మిగతావాళ్ళ బిడ్డలు మిగతావాళ్ళ బిడ్డలే. తన బిడ్డ తన భుజాన ఉంది.

తరళ తువ్వాలు కిందికి లాగి ఆ కాలిని కప్పేసింది.

"ఏదో ఉందండి," అంది మైకులో. "అంత బాగాలేదు. రెండ్రోజుల నుంచి పెరుగు కూడా పడట్లేదు."

హాల్లో ఒక నిట్టూర్పు లాంటిది లేచింది. అందరికీ ఏదో బరువు దిగినట్టుంది. శాస్త్రి ఆమె వంక చూశాడు, కోపంగా కాదు. ఆమె ఆయన వైపు చూడలేదు. పాత పద్ధతికి చేతులెత్తమన్నప్పుడు మూడు వందల తొంభై చేతులు లేచాయి.

మర్నాడు పొద్దున్న పంపిణీ కేంద్రంలో పాత చీటీలు మళ్ళీ ఇచ్చారు. తరళ కూడా వరసలో నిలబడి తన చీటీ తీసుకుంది. తల్లిపాలు, బియ్యపు జావ, చిలగడదుంప.